ఊరకుక్క అంటే తిట్టేనా?

పోయిన నెల్లో ఒక రాత్రి మావాడు పదకొండున్నరకి ఇంటికొచ్చాడు. వాడి చదువైపోయి ఏడాది దాటింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఆ రాత్రి నేను అప్పటికే మూడుసార్లు పప్పు వేడి చేశాను. ఫోన్ చేస్తే ఎత్తడు. తలుపు తీస్తూనే నోటికొచ్చిన మాట అనేశాను. "ఊరకుక్కలా ఎక్కడెక్కడ తిరిగొస్తున్నావురా?" వాడేమీ అనలేదు. చెప్పులు విప్పి, గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. వడ్డించిన కంచం అలాగే ఉండిపోయింది.

పొద్దున్న జడ వేయించుకుంటూ మా అమ్మాయి అడిగింది. తొమ్మిదో తరగతి అది, రాత్రి మెలకువగానే ఉన్నట్టుంది. "అమ్మా, ఊరపిచ్చుక అంటే ముద్దుగా ఉంటుంది కదా, ఊరకుక్క అంటే తిట్టెందుకయింది?"

స్కూలుకి టైమవుతోందని తప్పించుకున్నాను. కానీ ఆ ప్రశ్న మధ్యాహ్నం దాకా నన్ను వదల్లేదు. పెళ్ళికి ముందు చదివిన తెలుగు ఎమ్మే ఇలాంటప్పుడే కాస్త పనికొస్తుంది, లేకపోతే పాల లెక్క రాసుకోడానికే సరిపోతోంది.

ముందు మాట సంగతి. "ఊరు" వెనక ఇంకో మాట చేరితే "ఊర" అవుతుంది. ఊరచెరువు అంటే ఊరికి చెందిన చెరువు. ఊరపిచ్చుక అంటే అడవిలో కాకుండా మన చూరులో గూడు కట్టుకునే పిచ్చుక. అడవిలో ఉండేది అడవిపంది, ఊళ్ళో తిరిగేది ఊరపంది. అలాగే ఊరకుక్క. మాటగా చూస్తే ఇందులో తిట్టేమీ లేదు, ఊరిది అని అర్థం, అంతే. దిక్కులేనిదని ఎక్కడా లేదు. పైగా దానికి దిక్కు ఊరు మొత్తం అని చెప్తోంది ఆ మాట.

మా అమ్మమ్మ వాళ్ళది తెనాలి వైపు ఒక చిన్న ఊరు. అక్కడ నల్లోడు అని ఒక కుక్క ఉండేది. ఎవరిది అని అడిగితే "మన ఊరిదే" అనేవాళ్ళు. పొద్దున్న మునసబు గారి ఇంట్లో సద్దన్నం, మధ్యాహ్నం మా అమ్మమ్మ వాకిట్లో ముద్ద, రాత్రి ఎవరింట్లో విస్తళ్ళు లేస్తే అక్కడ. పడక రామాలయం అరుగు మీద. కాపలా మాత్రం ఊరంతటికీ. అమ్మమ్మ "తో... తో..." అంటే ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది. ఆవిడకి కుక్కలంటే పెద్ద ప్రేమ అని కాదు. వంటింటి గడప తొక్కితే చెంబుడు నీళ్ళు పోసి కడిగేది, మాకూ రెండు అంటించేది. అయినా ఆ ముద్ద పెట్టకుండా తను కూర్చుని తిన్న రోజు నాకు గుర్తులేదు. అదొక లెక్క. కాకికి ఒక ముద్ద, కుక్కకి ఒక ముద్ద, తర్వాతే తను.

ఈ లెక్కలో ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఇక్కడే చెప్పేస్తాను. ఊరు అంటే అప్పట్లో ఊరంతా కాదు. ఊరికి అవతల, కాలవ దాటాక పల్లె ఉండేది. పొలం పనులన్నీ చేసేవాళ్ళు అక్కడ ఉండేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళు ఊళ్ళో లెక్కకి రావు. నల్లోడు రామాలయం అరుగెక్కి పడుకునేది. ఆ పల్లెవాళ్ళు ఆ అరుగు ఎక్కేవాళ్ళు కాదు. కుక్కకి "ఊర" అనే మాట దొరికింది, మనుషులకి దొరకలేదు. చిన్నప్పుడు ఇది కళ్ళెదుటే ఉన్నా కనబడలేదు నాకు. ఈ విషయం గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇంక తిట్ల సంగతి. ఇంట్లో పొద్దున లేచింది మొదలు కుక్క లేకుండా మనకి మాట నడవదు. ఇల్లు సర్దకపోతే కుక్కలు చింపిన విస్తరి. మొండివాడి గుణం కుక్కతోక వంకర. చేతకానివాణ్ణి నమ్ముకుంటే కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడం. దెబ్బకి దెబ్బ అయితే కుక్కకాటుకి చెప్పుదెబ్బ. పట్టించుకోకూడని మాటలకి ఏనుగు వెళ్తుంటే కుక్కలు మొరగడం. ఇవి కాక కుక్క బతుకు, కుక్క చావు, కుక్క బుద్ధి. ఒక్క విశ్వాసం దగ్గర మాత్రం మెచ్చుకుంటాం. అదీ ఎప్పుడు? ఇంకో మనిషిని దెప్పాల్సి వచ్చినప్పుడు, "కుక్కకున్న విశ్వాసం కూడా లేదు" అని.

చెట్లూ మొక్కల్లోనూ ఇంతే. పూజకి పనికొచ్చేది తులసి, చేలగట్ల మీద తనంతట తను మొలిచేది కుక్కతులసి. పెంటమీద మొలిచే పుట్టగొడుగు కుక్కగొడుగు. సరిగ్గా ఎదగక వంకరపోయిన పిందె కుక్కమూతి పిందె. అంటే తెలుగులో "కుక్క" అని ముందు తగిలిస్తే నాసిరకం, ఎవరూ నాటనిది, దాని పాటికి అది పెరిగింది అని అర్థం. నిజానికి కుక్కతులసి ఆకు నలిపి వాసన చూడండి, ఎంత బావుంటుందో. దాని తప్పల్లా కుండీలో పుట్టకపోవడమే.

మర్యాదలో కూడా మెట్లున్నాయండీ. పేపర్లో చూస్తే పోలీసుల దగ్గరుండేది జాగిలం. పోటీల్లో నడిచేది శునకం. మనింటి ముందు తిరిగేది కుక్క. నలుగురిని కరిస్తే వెటకారంగా గ్రామసింహం. ఇది ఈ మధ్య పుట్టిన వెటకారం అనుకునేదాన్ని, కాదట, సంస్కృతంలోనే ఉంది. ఇక మా అపార్ట్‌మెంటులో లిఫ్టు ఎక్కేది డాగీ. మూడో అంతస్తు ఆవిడ బొచ్చుకుక్కని నేనొకసారి "మీ కుక్క" అన్నానని ఆవిడ నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు. పేరుందిగా, పేరు పెట్టి పిలవండి అని. నిజమే, తెలుగులో ఆ మాటని ఇంతలా తిట్టు చేశాక దాన్ని ప్రేమగా ఎక్కడ వాడతాం?

అమరకోశంలో కుక్కకి ఏడు పేర్లున్నాయి. శునకం, కుక్కురం, సారమేయం, భషకం లాంటివి. వాటిలో మొదటిది కౌలేయకం. కులానికి చెందినది అని. ఇక్కడ కులం అంటే మనం ఇప్పుడు అనుకునేది కాదు, వంశం, ఇల్లు అని. ఇంటిది, కుటుంబంలోది అన్నమాట. ఈ మాట కూడా గుర్తుంచుకోండి.

సారమేయం అంటే సరమ బిడ్డ. భారతం చదివినవాళ్ళకి సరమ తెలుసు. ఆదిపర్వంలో జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ కొడుకు అక్కడికి ఆడుకుంటూ వెళ్తాడు. జనమేజయుడి తమ్ముళ్ళు వాణ్ణి కొట్టి తరుముతారు. నెయ్యి నాకలేదు, హవిస్సు ముట్టలేదు, ఏ తప్పూ చేయలేదు. సరమ తల్లిగా వచ్చి రాజుని నిలదీసి అడుగుతుంది. జవాబు రాకపోయేసరికి, ఊహించని భయం నీకు వస్తుందని శపించి పోతుంది. నన్నయ గారు పదకొండో శతాబ్దంలో దీన్ని తెలుగులో రాస్తే మన తరం దాకా బళ్ళో పాఠంగా చదువుకున్నాం. అప్పుడు ఛందస్సు గురించి ప్రశ్నలడిగారు తప్ప, ఒక కుక్క తల్లి రాజు ఎదుట నిలబడి న్యాయం అడిగిందని మాకెవరూ ఆశ్చర్యపడి చెప్పలేదు.

భారతం చివర్లో కూడా కుక్కే. మహాప్రస్థానంలో పాండవులు హస్తినాపురం వదిలి నడుస్తుంటే ఒక కుక్క వెంటపడుతుంది. ఎవరిదో చెప్పరు, పేరు ఉండదు, మెడకి పట్టీ ఉండదు. ద్రౌపది, తమ్ముళ్ళు ఒక్కొక్కరే పడిపోతారు. కుక్క మాత్రం వస్తూనే ఉంటుంది. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కని వదిలేసి ఎక్కమంటే ధర్మరాజు వదలనంటాడు. నన్ను నమ్మి వచ్చినదాన్ని వదిలి వచ్చే స్వర్గం వద్దంటాడు. చివరికి ఆ కుక్క ధర్మదేవత అని తేలుతుంది. తిక్కన గారి భాగంలోది ఇది. నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, అది ధర్మదేవత అని తెలియక ముందు, ఆ దారంతా, అది ఊరకుక్కే కదా.

కుక్కకి రాయి నిలబెట్టిన చరిత్ర కూడా మన పక్కనే ఉంది. కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరులో పదో శతాబ్దం నాటి వీరగల్లు దొరికింది. రాష్ట్రకూట మూడో కృష్ణుడి కాలం. కాళి అనే కుక్క అడవిపందితో పోరాడి, ఆ పందీ అదీ రెండూ చచ్చిపోతే, దాని కోసం రాయి వేయించి శాసనం చెక్కించారు. ఆ రాయిని ఇప్పుడు బెంగుళూరు మ్యూజియంలో పెట్టారు. అయితే కాళి వేటకుక్క, ఒక యోధుడు రాజుని అడిగి మరీ తెచ్చుకున్న కుక్క. అంటే జాగిలం. నల్లోడు లాంటివాటికి రాళ్ళు వేయించిన రాజు ఎవరూ నాకు కనబడలేదు. నల్లోడు పోయినప్పుడు మా తాతయ్య పాలేరు చెరువుగట్టు పక్కన గొయ్యి తీసి పూడ్చాడు. పైన రెండు తుమ్మకొమ్మలు వేశాడు, నక్కలు తవ్వకుండా.

ఇప్పుడు ఇంగ్లీషు వాళ్ళ సంగతికి వస్తాను. మన ఊరకుక్కల్ని చూసి తెల్లవాళ్ళు ఒక పేరు పెట్టారు, పరయా డాగ్ అని. తమిళనాట పరయర్లు అని ఒక కులం ఉంది. పరై అంటే డప్పు, దాన్ని బట్టి ఆ పేరు వచ్చిందంటారు. ఊరికి వెలుపల ఉంచిన మనుషులు. వాళ్ళ పేరు ఇంగ్లీషులోకి వెళ్ళి "వెలివేయబడ్డవాడు" అనే అర్థంలో స్థిరపడింది. అక్కణ్ణించి కుక్కకి తగిలించారు. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు హాబ్సన్-జాబ్సన్ అని ఒక నిఘంటువు వేశారు. ఇండియాలో తెల్లవాళ్ళు వాడే మాటలన్నీ పోగేసిన పుస్తకం. అందులో ఈ మాట ఉంది. యజమాని లేకుండా తిరిగే పసుప్పచ్చ కుక్క అని చెప్పి, కులం లేని నీచజాతి జంతువు కాబట్టే ఆ పేరొచ్చి ఉంటుందని వివరం ఇచ్చారు. సోల్జర్లు, కుర్ర ఆఫీసర్లు దీన్ని ఇంకా కుదించి "పై" అనేవాళ్ళట. పై డాగ్. ముద్దుగా, యథాలాపంగా, సాయంత్రం క్లబ్బులో కూర్చుని మాట్లాడుకునే మాట.

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన, అది మన "పరాయి" నుంచి వచ్చిందని రాశాడు. పరాయి కుక్క, అందుకే పరయా అట. వినడానికి బావుంది, కానీ కాదు. పరాయి వేరే మాట, పర అనే సంస్కృతం నుంచి వచ్చింది. ఇలా చెప్పుకుంటే ఒక కులం పేరుని కుక్కకి పెట్టారన్న చేదు నిజం పక్కకి పోతుంది. అదొక్కటే దాంట్లో సౌకర్యం.

ఇందాక గుర్తుంచుకోమన్నవి రెండూ ఇక్కడికొచ్చి కలుస్తాయి. అమరకోశం కుక్కని కులంలోది అంది. దొరలు కులం లేనిది అన్నారు. మా అమ్మమ్మ ఊరు దాన్ని ఊరిది అంది, అవతల పల్లె మనుషుల్ని మాత్రం ఊరివాళ్ళు అనలేదు. దొరల్ని తిట్టడం తేలికే గానీ, ఆ పేరు పెట్టడానికి కావలసిన సరుకంతా మనమే సిద్ధం చేసి ఉంచాం. ఈ ముక్క మావారికి చదివి వినిపిస్తే "కుక్క గురించి అని మొదలుపెట్టి ఎక్కడికి పోయావు" అన్నారు. నేనెక్కడికీ పోలేదు, మాటే అటు తీసుకెళ్ళింది.

పేరు పెట్టాక పని మొదలైంది. బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు ఎండాకాలంలో వీధికుక్కల్ని చంపించేవారు. 1832 జూన్‌లో ఇళ్ళల్లోకి కూడా వచ్చి పట్టుకెళ్తుంటే పార్శీలు తిరగబడ్డారు. వాళ్ళ మతంలో కుక్కకి గౌరవం, మనిషి పోతే శవాన్ని కుక్కకి చూపించే ఆచారం కూడా ఉంది. కొట్లు మూసేశారు, కోటలో ఉన్న దొరలకి సరుకులు అందకుండా చేశారు. కుక్కల కోసం జరిగిన బంద్ అన్నమాట. మన దగ్గర నా చిన్నప్పుడు కూడా మున్సిపాలిటీ బండి వస్తే పిల్లలం లోపలికి పరిగెత్తేవాళ్ళం, చూడలేక. మద్రాసులో బ్లూక్రాస్ వాళ్ళు 1960ల నుంచీ చంపడం కాదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయండి అంటూ వచ్చారు. 2001లో దేశం మొత్తానికీ అదే నియమం అయింది. ఆ నియమాల్ని 2023లో తిరగరాసినప్పుడు ఒక కొత్త మాట వాడారు. కమ్యూనిటీ యానిమల్ అని. అంటే ఒకరిది కాదు, అక్కడుండే అందరిదీ. చదివి నవ్వొచ్చింది నాకు. ఇంతా చేసి ఢిల్లీలో కూర్చుని "ఊరకుక్క" అని రాశారు!

నవ్వి ఊరుకోడానికి లేదు కూడా. అదే 2023 ఫిబ్రవరిలో మా హైదరాబాదులో, అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. ఆ రోజు టీవీ కట్టేసి కూర్చున్నాను. 2019 పశుగణనలో దేశంలో వీధికుక్కలు కోటిన్నర పైనే అని తేలింది. నల్లోడు ఊళ్ళో మూడో నాలుగో ఉన్న కుక్కల్లో ఒకడు. ప్రతి ఇంటికీ వాడి మొహం తెలుసు, వాడికి ప్రతి మొహం తెలుసు. ఇక్కడ చెత్తకుప్పకి పదిహేను. ముద్ద పెట్టేవాళ్ళు లేరు, మొహం తెలిసినవాళ్ళు లేరు. అది ఊరకుక్క కాదు, ఊరు పోయాక మిగిలిన కుక్క. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. 22న ఆ మాట మార్చి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పిచ్చెక్కినవీ దూకుడుగా ఉండేవీ తప్ప మిగతావాటిని పట్టిన చోటే వదలమంది. మా అపార్ట్‌మెంటు గ్రూపులో ఆ పదకొండు రోజులూ జరిగిన యుద్ధం నేను రాయలేను.

రెండో బ్లాకులో ఒక బాబుని కరిచింది కూడా. వాళ్ళమ్మ ఏడుస్తుంటే నేనే సబ్బుతో పావుగంట సేపు పంపు కింద కడిగించి ఆసుపత్రికి పంపాను. మా చిన్నప్పుడైతే బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు, ఆ పేరు చెప్తేనే జ్వరం వచ్చేది. గొర్రె మెదడు నుంచి చేసే ఆ పాతమందు 2004తో ఆగిపోయింది. ఇప్పుడు చేతికే, నాలుగైదు సార్లు. అయినా ఒక్కటీ మానకూడదండీ, "చిన్న గీతే కదా" అని వదిలేయకండి. ఆ గొడవయ్యాక గ్రూపులో కొందరు అన్నిటినీ తీసుకెళ్ళి ఊరవతల పడేయాలన్నారు. ఊరవతల! అక్కడా ఎవరో ఒకరి పిల్లలుంటారు కదా. చివరికి డబ్బులు పోగేసి మా గేటు దగ్గర తిరిగే ఆరింటికీ ఆపరేషన్లు, టీకాలు చేయించాం. మూడో అంతస్తు ఆవిడే ముందు నిలబడింది. ఇలాంటివాటిని ఇప్పుడు "ఇండీ" అనాలట. పెంచుకునేవాళ్ళు ఊరకుక్క అనడానికి మొహమాటపడి పెట్టుకున్న పేరు. బావుంది, ఏదో ఒకటి. మన కొల్లేరు వైపు బాతుల్ని కాసే జోనంగి కుక్కల గురించి చెప్తే మాత్రం ఆవిడ నమ్మలేదు, మన జిల్లాల్లో జాతికుక్క ఉండటమేంటని.

మా అమ్మాయికి ఇందులో సగమే చెప్పాను. అంతా విని, "అయితే అన్నయ్యని నువ్వు ఊరందరివాడు అన్నావన్నమాట" అంది. ఎంత తెలివో చూడండి. కానీ నేనన్నది ఆ అర్థంతో కాదని దానికీ తెలుసు, నాకూ తెలుసు.

వాడు మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో రోజు కూరలకి దిగితే వాచ్‌మన్ చెప్పాడు. "బాబు రోజూ మెట్రో దగ్గర్నుంచి నడిచే వస్తాడమ్మా, ఆటో ఎక్కడు. మన ఎర్రది వీధి మొగలో కాచుకుని కూర్చుని, వెంటే నడుచుకుంటూ గేటుదాకా వస్తుంది." మెట్రో మాకు మూడు కిలోమీటర్లు. వాడు ఇంటర్వ్యూలకి పోయి వస్తున్నాడని తెలుసు. ఆటో డబ్బులు మిగుల్చుకుంటున్నాడని తెలీదు. అడిగితే ఇస్తాం కదా, అడగడు.

ఆ రాత్రి పదకొండు దాటాక వచ్చాడు. తలుపు తీశాను, ఏమీ అనలేదు. మూడు రోజులుగా చెప్పాలనుకుంటున్న మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"అన్నం తింటావా?" అన్నాను.

"ఏం చేశావు?"

"దోసకాయ పప్పు."

చెప్పులు విప్పుతూ, "ఒక ముద్ద విడిగా తియ్యమ్మా, కింద ఎర్రది కూర్చుంది" అన్నాడు.